పెద్ద వాల్తేరు డీటీపీ సెంటర్‌లో చిన్న పెట్టె: అప్‌గ్రేడ్ డైరీ

అక్కా బావా పెద్ద వాల్తేరులో నడిపే డీటీపీ సెంటర్‌కి పెద్ద దిక్కు ఒక డెల్ ఆప్టిప్లెక్స్ 7050, స్మాల్ ఫామ్ ఫ్యాక్టర్ (ఎస్‌ఎఫ్‌ఎఫ్, అంటే సన్నటి పెట్టె) మోడల్. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. లోపల ఇంటెల్ ఐ5-7500 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్‌లు రెండు, 500 జీబీ హార్డ్ డిస్కు, 180 వాట్ల పవర్ సప్లై. మందం పది సెంటీమీటర్లు కూడా ఉండదు. కౌంటర్ మీద ప్రింటర్‌కీ కట్టింగ్ మిషన్‌కీ మధ్య ఒదిగిపోతుంది కాబట్టే అప్పట్లో దీన్ని ఎంచుకున్నారు.

ఇప్పుడు మూఢం. శుభలేఖల పని సన్నగిల్లింది. ముహూర్తాలు మొదలయ్యాక ఈ మిషన్ని ఒక గంట ఆపుతానన్నా అక్క ఒప్పుకోదు. అందుకే ఈ రోజుల్లోనే పని పెట్టుకున్నాం.

"ఏటి, కొత్తది కొనీమంటావా, దీన్నే బాగుచెయ్యగలమా?" అని బావ అడిగాడు. అక్క షరతు ఒక్కటే: "ఏం చేసినా చెయ్యి గానీ, అను ఫాంట్లూ పాత ఫైళ్లూ పోకూడదు." అను అంటే డీటీపీలో తెలుగు టైప్ చెయ్యడానికి వాడే ఫాంట్లు. పదేళ్ల పైబడిన శుభలేఖల మేటర్ అంతా అందులోనే ఉంది.

శనివారం, కొలతలు

మూత తీసే ముందు ఒక పూట మొత్తం కొలతలకే పెట్టాను. పని ఎక్కడ ఆగుతోందో తెలియకుండా సామాను కొంటే, అవసరం ఒకచోట ఉంటే డబ్బు ఇంకోచోట పోస్తాం.

అక్క పని రెండు రకాలు. శుభలేఖలు, కరపత్రాలు పేజ్‌మేకర్ 7 అనే పేజీలు అమర్చే ప్రోగ్రాంలో, అను ఫాంట్లతో. ఫ్లెక్సీలు, బ్యానర్లు ఫోటోషాప్‌లో. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అది 32 బిట్ ప్రోగ్రాం. దానికి ఎంత ర్యామ్ వేసినా, ఎన్ని కోర్ల ప్రాసెసర్ పెట్టినా ఒరిగేదేమీ లేదు. ఈ మిషన్ మీద ఇప్పటికే హాయిగా నడుస్తోంది. తెరుచుకోవడమే ఆలస్యం, అది డిస్కు వల్ల.

అసలు ఇబ్బంది ఫోటోషాప్‌లో. కరకచెట్టు పోలమాంబ అమ్మవారి పండక్కి చేసిన 20 అడుగుల బ్యానర్ ఫైలు ఒకటి తెరిచి చూశాను. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు, అంగుళానికి 72 పిక్సెళ్లు. అంటే 17,280 అడ్డం, 8,640 నిలువు. మొత్తం దాదాపు 15 కోట్ల పిక్సెళ్లు. ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు, కాబట్టి బ్యానరంతా నిండిన లేయర్ ఒక్కటే 600 ఎంబీ దాకా వస్తుంది. బ్యాక్‌గ్రౌండ్, అమ్మవారి బొమ్మ, పూల దండలు, దాతల ఫోటోలు, పేర్లు అని లేయర్లు పేరుస్తూ పోతే 8 జీబీ ఎక్కడ చాలుతుంది? అందులో విండోస్ వాటా ముందే పోతుంది కదా.

ఫోటోషాప్‌లో ఫైలు అడుగు అంచున ఎఫిషియెన్సీ అనే అంకెని చూపించమని పెట్టుకోవచ్చు. డీటీపీ వాళ్లలో చాలామంది దాన్ని పట్టించుకోరు గానీ, నాకు తెలిసి ర్యామ్ చాలుతోందో లేదో చెప్పడానికి అంతకన్నా మంచి గుర్తు లేదు. అది 100 శాతం ఉంటే పనంతా ర్యామ్‌లోనే జరుగుతున్నట్టు. తగ్గిందంటే ర్యామ్ చాలక, దానికి బదులు వాడుకునే డిస్కు (స్క్రాచ్ డిస్కు) మీదకి వెళ్లి వస్తున్నట్టు. మా బ్యానర్ ఫైలు మీద ఒక బ్లర్ వేయగానే అది 50 కిందకి జారింది. అదే సమయంలో టాస్క్ మేనేజర్‌లో డిస్కు 100 శాతం దగ్గర కదలకుండా నిలబడిపోయింది, ప్రాసెసర్ మాత్రం సగం ఖాళీగా ఉంది. ప్రాసెసర్ డిస్కు కోసం కాచుక్కూర్చుంటోందని దీన్ని బట్టే అర్థమైపోయింది.

వేడి కూడా చూశాను. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాంలో చూస్తే ఊరికే ఉన్నప్పుడే 55 డిగ్రీలు, ఫిల్టర్ నడుస్తుంటే 90 దాటింది. ఈ ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి వస్తే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ఇది చలికాలం పరిస్థితి. మే నెలలో ఏసీ లేని ఈ షాపులో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

కాబట్టి వరుస ఇలా రాసుకున్నాను: ముందు శుభ్రం, తర్వాత ర్యామ్, ఆ తర్వాత ఎన్‌వీఎంఈ (హార్డ్ డిస్కు కన్నా ఎన్నో రెట్లు వేగమైన ఎస్ఎస్‌డీ). ప్రాసెసర్ సంగతి చివర్లో చూద్దాం.

ఆదివారం, ఉప్పు దుమ్ము

షాపుకి సెలవు. ప్లగ్ పీకి, లోపల మిగిలిన కరెంట్ పోవడానికి పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, మూత తీశాను.

సముద్రానికి ఇంత దగ్గరలో వాడిన మిషన్ లోపల దుమ్ము వేరే ఊళ్లలో దుమ్ములా ఉండదు. బ్లోయర్ కొడితే ఎగిరిపోదు. ఇక్కడి గాలిలో సన్నటి ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. విశాఖలో ఏడాదిలో చాలా రోజులు తేమ ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. అంటే ఫ్యాన్ లోపలికి లాగిన దుమ్ము పగలు ఆరి, రాత్రి చెమ్మగిల్లి, మళ్లీ ఆరి పొరలు పొరలుగా అతుక్కుంటుంది. ఆ చెమ్మ ఉప్పుకి కరెంట్ పారే గుణం కూడా ఉంది. సర్క్యూట్ మీద దాన్ని అలా ఏళ్ల తరబడి ఉండనివ్వడం మంచిది కాదు.

హీట్ సింక్ రేకుల మధ్య చూస్తే ఫ్యాన్ వైపు అంచు మొత్తం బూడిద రంగు ఉన్నిలా మూసుకుపోయింది. లోపలి రేకులు శుభ్రంగానే ఉన్నాయి. ఎందుకంటే గాలి అక్కడిదాకా వెళ్తే కదా. వెనక స్లాట్ పట్టీల మీద తుప్పు చుక్కలు. మూత అంచున రంగు లేచిన చోటల్లా గోధుమరంగు గీత. రెండు స్క్రూలైతే తలలు పొడిపొడిగా రాలుతున్నాయి, వాటిని మార్చేశాను.

ఫ్యాన్ రెక్కని వేలితో కదలకుండా పట్టుకుని బ్లోయర్ వాడాలి. గాలికి అది అడ్డూ ఆపూ లేకుండా తిరిగితే బేరింగ్ పాడవుతుంది, వెనక్కి కరెంట్ పుట్టించే అవకాశమూ ఉంది. బ్లోయర్‌తో వదలనిదాన్ని మెత్తటి పెయింట్ బ్రష్‌తో రేకు రేకూ గీశాను. బోర్డు మీద అతుక్కున్న చోట్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అది కూడా గాఢత ఎక్కువగా ఉన్నదే. నీళ్లు కలిసినది వద్దు. ఈ ఊళ్లో గాలిలో ఉన్న నీళ్లే చాలు.

హీట్ సింక్ స్క్రూలు ఒకదాన్ని పూర్తిగా విప్పి ఇంకోదానికి వెళ్లకుండా, ఎదురెదురువి కొంచెం కొంచెంగా వదులు చేశాను. అడుగున, ప్రాసెసర్ వేడిని హీట్ సింక్‌కి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండి పెళుసుగా లేచింది. పాతదంతా ఆల్కహాల్‌తో తుడిచి, ప్రాసెసర్ మధ్యలో బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టి మళ్లీ అదే పద్ధతిలో బిగించాను.

పనిలో పనిగా, తేదీ టైము గుర్తుంచుకునే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ కూడా మార్చాను. ప్లగ్ తీసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతోందని, బ్రౌజర్‌లో సర్టిఫికెట్ ఎర్రర్ వస్తోందని అక్క ఎప్పటినుంచో చెబుతోంది. రెండింటికీ కారణం ఆ బిళ్లే.

మళ్లీ ఆన్ చేసి అదే ఫైలు, అదే బ్లర్. ఊరికే ఉన్నప్పుడు 40, పనిలో 72. ఫ్యాన్ చప్పుడు కూడా దాదాపు వినపడటం లేదు. ఒక్క కొత్త పార్టూ కొనకుండా దాదాపు 20 డిగ్రీలు దిగింది. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే: పాత చిన్న పెట్టెకి ఏ సామాను కొనాలన్నా, ముందు దీన్ని చేసి మళ్లీ కొలవండి.

ఇంకో మార్పు. ఇన్నాళ్లూ పెట్టె గోడకి ఆనుకుని ఉండేది, వెనక నుంచి వేడి గాలి పోయే దారి లేదు. ఇప్పుడు గోడకి జానెడు ఎడంగా జరిపాం. ఎదుటి జాలీకి అడ్డంగా ఉండే పేపర్ కట్టలు కింద అరలోకి వెళ్లాయి.

సోమవారం, ప్రాసెసర్ మీద చర్చ

బావ స్నేహితుడొకాయన ఇచ్చిన సలహా: "8వ తరం ఐ5 ఒకటి పడీండి, విండోస్ 11 కూడా వచ్చీద్ది." వినడానికి బాగుంది. సాకెట్ పేరు చూస్తే రెండింటిదీ ఎల్‌జీఏ 1151 కావడంతో చాలామంది ఇలాగే అనుకుంటారు. కానీ 8వ తరం ప్రాసెసర్లకి 300 సిరీస్ చిప్‌సెట్ (బోర్డుని నడిపే చిప్) కావాలి. మన బోర్డు మీద ఉన్నది క్యూ270. సాకెట్‌లో కూర్చుంటుంది, పని మాత్రం చేయదు. ఈ బోర్డుకి 6, 7 తరాలే గతి.

ఆ 7వ తరంలోనే ఐ7-7700 వేయొచ్చు. ఇదీ 65 వాట్లదే, పవర్ సప్లైకి భారం కాదు. కోర్లు నాలుగే, థ్రెడ్లు మాత్రం నాలుగుకి బదులు ఎనిమిది. అయితే శనివారం చూసిందేమిటి? ప్రాసెసర్ సగం ఖాళీగా ఉంది. ఐ7 వేస్తే ఆ ఖాళీ ఇంకొంచెం పెరుగుతుంది, అంతే. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన జాబితాలో 7వ తరం ఐ7-7700 కూడా లేదు కాబట్టి ఆ లాభమూ ఉండదు. పక్కన పెట్టేశాం.

మంగళ, బుధవారాలు, ర్యామ్

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్పులన్నీ అటు పోవడంతో పాత డీడీఆర్4 మీద కూడా ఆ సెగ తగిలింది. కొత్తవి రెండు 16 జీబీల ధర విని బావ ముఖం మారిపోయింది. ద్వారకానగర్‌లో పాత ఆఫీసు మిషన్లు విడదీసి అమ్మే షాపులో 8 జీబీవి రెండు తీసుకున్నాం.

కొనే ముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పెట్టె చిన్నది కదా అని లాప్‌టాప్ ర్యామ్ కొనకూడదు. దీనికన్నా చిన్నదైన మైక్రో మోడల్లో లాప్‌టాప్ సైజు ర్యామ్ పడుతుంది, ఎస్‌ఎఫ్‌ఎఫ్‌లో మాత్రం పూర్తి సైజు డెస్క్‌టాప్ ర్యామే. 3200 స్పీడ్ ముక్క వేసినా ఇక్కడ 2400 దగ్గరే నడుస్తుంది, కాబట్టి ఎక్కువ స్పీడ్‌కి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

ఈ బోర్డుకి నాలుగు స్లాట్లు. పాత 4 జీబీలని పారేయకుండా, 8 జీబీలు రెండూ 1, 2 స్లాట్లలో, పాతవి రెండూ 3, 4లో వేశాను. అలా వేస్తే రెండు చానెళ్లలోనూ (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారులు) చెరో 12 జీబీ సమానంగా పడి, మొత్తం 24 జీబీ డ్యూయల్ చానెల్‌లోనే నడుస్తుంది. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ అయితే మిగిలిన భాగం సింగిల్ చానెల్‌లో పోతుంది.

ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు వచ్చే బయాస్ 24 జీబీ చూపించింది. బావ సంబరపడ్డాడు గానీ, పాత ర్యామ్‌ని పరీక్షించకుండా నమ్మకూడదు. పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ పెట్టి షాపు మూశాం. పొద్దున వచ్చేసరికి స్క్రీన్ నిండా ఎర్ర గీతలు, అంటే ఎర్రర్లు.

అక్కడి నుంచి ఓపిక పని. కాంటాక్టుల మీద మురికేమో అని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ పెట్టాను. ఎర్రర్లు అలాగే వచ్చాయి. తర్వాత ఒక్కో ముక్కనీ విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి నడిపాను. స్లాట్ మారితే ఏది పాడైందో తేలదు. కొన్న రెండింటిలో ఒకటి ప్రతిసారీ దాదాపు ఒకే అడ్రస్ దగ్గర తప్పుతోంది. ఫోన్లో ఫోటో తీసి తీసుకెళ్తే షాపాయన చూసి, వాదన లేకుండా ఇంకోటి మార్చి ఇచ్చారు. దాన్ని వేసి రాత్రంతా నడిపాం, ఒక్క ఎర్రరూ లేదు.

ఇది చూడకుండా వదిలేసి ఉంటే ఏమయ్యేదో చెప్పాలి. మిషన్ వెంటనే ఆగిపోయేది కాదు. ఎప్పుడో ఒక రోజు సేవ్ చేసిన ఫైలు చెడిపోయి తెరుచుకోకుండా పోయేది. పెళ్లివారు కౌంటర్ ముందు నిలబడి ఉండగా ఆ పరిస్థితి రాకూడదు.

గురువారం, ఎన్‌వీఎంఈ

డ్రైవ్‌లు కూర్చునే గూడు తీస్తే కింద ఎం.2 స్లాట్ కనిపిస్తుంది. 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, పీసీఐఈ 3.0 రకం తీసుకున్నాం. ఈ బోర్డు అంతకన్నా పైకి వెళ్లదు కాబట్టి 4.0ది కొన్నా అదనపు వేగం రాదు.

స్లాట్ ఉంది గానీ ఎస్ఎస్‌డీ తోకని బిగించే బుల్లి స్క్రూ లేదు. ఆఫీసు నుంచి హార్డ్ డిస్కుతో మాత్రమే వచ్చిన మిషన్లలో అది లేకపోవడం మామూలే. ఈ స్క్రూ ఎం2 సైజుది, మామూలు కేబినెట్ స్క్రూలు పనికిరావు. జగదాంబ దగ్గర లాప్‌టాప్ రిపేర్ షాపులో అడిగితే డబ్బాలో వెతికి ఇచ్చారు. టేపు వేసి సరిపెట్టేవాళ్లని చూశాను. ఈ పెట్టె లోపలి వేడికి జిగురు కరిగి ఎస్ఎస్‌డీ పైకి లేస్తుంది, ఆ పని వద్దు.

పాత డిస్కుని ఉన్నదున్నట్టు కొత్తదాని మీదకి కాపీ (క్లోన్) చేద్దామని, క్లోన్‌జిల్లా అనే లినక్స్ ప్రోగ్రాంతో బూట్ చేస్తే పాత డిస్కు కనిపిస్తోంది, కొత్తది కనిపించదు. బయాస్‌లో శాటా ఆపరేషన్ 'రెయిడ్ ఆన్' మీద ఉంది. అలా ఉంటే ఎన్‌వీఎంఈ ఇంటెల్ కంట్రోలర్ చాటుకి వెళ్లిపోతుంది, లినక్స్‌కి కనపడదు. 'ఏహెచ్‌సీఐ'కి మారిస్తే కనిపిస్తుంది. కానీ నేరుగా మార్చేస్తే ఉన్న విండోస్ బూట్ కాకుండా బ్లూ స్క్రీన్ వస్తుంది. దానికో వరుస ఉంది. విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి సేఫ్ బూట్ టిక్ పెట్టాలి. రీస్టార్ట్ చేసి బయాస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ చెయ్యాలి. విండోస్ సేఫ్ మోడ్‌లో పైకొస్తుంది, అప్పుడే సరైన డ్రైవర్ ఎక్కించుకుంటుంది. మళ్లీ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో టిక్ తీసి రీస్టార్ట్ చేస్తే సరి.

ఆ తర్వాత క్లోన్ సాఫీగా సాగిపోయింది. పాత డిస్కు తీసేసి ఎన్‌వీఎంఈ మీద బూట్ చేశాను. పేజ్‌మేకర్ తెరిచాను. అను స్క్రిప్ట్ మేనేజర్ వచ్చింది. పాత శుభలేఖ ఒకటి తెరిచి అక్షరం అక్షరం చూసుకున్నాక గానీ అక్క టెన్షన్ తగ్గలేదు. వత్తులు, గుణింతాలు అన్నీ ఉన్న చోటే ఉన్నాయి.

పెద్ద డిస్కు బయటికి పోవడంతో లోపల గాలికి దారి కూడా పెరిగింది.

శుక్రవారం, మళ్లీ అదే బ్యానర్

ఫోటోషాప్‌లో పర్ఫార్మెన్స్ సెట్టింగ్స్‌లో 70 శాతం ర్యామ్ ఇచ్చి, స్క్రాచ్ డిస్కు ఎన్‌వీఎంఈ మీద ఉందని చూసుకున్నాను. అదే అమ్మవారి బ్యానర్, అదే బ్లర్. ఎఫిషియెన్సీ 100 దగ్గరే ఉంది. ఇంకా లేయర్లు కలిపి కావాలనే బరువు పెంచితే 90ల్లోకి వచ్చింది గానీ, అప్పుడు కూడా ఆగినట్టు అనిపించలేదు. స్క్రాచ్ మీదకి వెళ్లినా ఇప్పుడది సెకనుకి వేల ఎంబీలు చదివే డిస్కు. ఫైలు తెరిచి టీ చెప్పే అలవాటు బావకి పోయింది.

మేనల్లుడు గేముల కోసం గ్రాఫిక్స్ కార్డ్ వేయమంటున్నాడు. వాడికి లెక్క చూపించాను. మొత్తం 180 వాట్లు. ప్రాసెసర్‌కే 65. లో ప్రొఫైల్ జీటీఎక్స్ 1650 అయితే 75 వాట్లు, స్లాట్ ఇవ్వగలిగేదంతా అదే లాగుతుంది. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, యూఎస్‌బీ సామాను కలిస్తే మిగిలేది చాలా తక్కువ. నడవొచ్చు, కానీ ఏళ్లుగా ఉప్పు గాలి తిన్న పవర్ సప్లై మీద ఆ భారం నేను పెట్టను. ఆర్ఎక్స్ 6400 అయితే 53 వాట్లే. కానీ అది నాలుగు లేన్లతోనే (డేటా దారులు) పనిచేస్తుంది, మన 3.0 స్లాట్‌లో దాని బ్యాండ్‌విడ్త్ సగానికి పడిపోతుంది. పైగా వీడియో ఎన్‌కోడర్ లేదు. సగం ఎత్తు పట్టీ ఉన్న కార్డే కావాలి, పక్కన ఎంత చోటుందో కొలుచుకోవాలి. వాడు ఇంకా బేరం ఆడుతున్నాడు. షాపు మిషన్ జోలికి రావద్దని అక్క తేల్చేసింది.

మిగిలిన పనులు

పాత 500 జీబీ డిస్కుని స్మార్ట్ రిపోర్ట్ (డిస్కు తన ఆరోగ్యం గురించి చెప్పే లెక్క) చూసి, బాగానే ఉంటే యూఎస్‌బీ కేసులో పెట్టి బ్యాకప్‌కి వాడాలి. అది ఒక్కటే చాలదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ వీధి చీకట్లో ఎన్ని రోజులుందో బావకి బాగా గుర్తు. రెండో కాపీ ఇంట్లో, షాపులో కాకుండా, ఉండాలని ఇద్దరం అనుకున్నాం.

యూపీఎస్ బ్యాటరీ రెండు నిమిషాలు కూడా ఆగట్లేదు. ముహూర్తాలు మొదలయ్యేలోగా అది మార్చాలి.

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. ఆ తర్వాత ఈ మిషన్ని నెట్ నుంచి తప్పించి పేజ్‌మేకర్‌కీ ఫోటోషాప్‌కీ మాత్రమే ఉంచి, మెయిల్, వాట్సాప్, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు వేరే మిషన్ మీద చూసుకోవాలని అక్కకి చెప్పాను. ఆ రెండో మిషన్ 8వ తరం లేదా ఆపైది చూడమని ద్వారకానగర్ షాపాయనకి చెప్పి ఉంచాం.

జాలీ మీద దుమ్ము నెలకోసారి బ్రష్‌తో తీయడం బావ పని. వేడి మళ్లీ మే నెలలో కొలుస్తాను.